కాంపౌండరు భీమసేనరావు నోటిమాట

ఆదోనిలో డాక్టరు మాటకు విలువ లేదని ఎవరూ అనరు. అర్థం కాదని మాత్రం అందరూ అనేవాళ్లు. "చూద్దాం", "ఇరవై నాలుగు గంటలు గడవనీ", "మన ప్రయత్నం మనం చేద్దాం" అని చెప్పి ఆయన తన గదిలోకి వెళ్లిపోయేవాడు. మంచం పక్కన నిలబడ్డవాళ్లకు కావలసింది ప్రయత్నం కాదు, జవాబు. ఆ జవాబు వార్డు పక్కనే, మందులిచ్చే కిటికీ వెనక, నుదుట మాధ్వుల బొట్టు, అంగారమూ అక్షతా పెట్టుకొని కూర్చునేది. దాని పేరు భీమసేనరావు.

పత్తి మిల్లుల సేఠ్లు చందాలు వేసుకొని కట్టించిన ధర్మాసుపత్రి అది. మంచాలు ముప్పై. గోడమీద చలవరాళ్లపై చెక్కించిన దాతల పేర్లు నూటపదకొండు. భీమసేనరావు అక్కడ డెబ్బై మూడులో కాంపౌండరుగా చేరాడు. సొంత ఊరు తుంగభద్ర ఒడ్డున మాధవరం. తండ్రి చిన్న మఠంలో పరిచారకం చేసేవాడు. కొడుకు పీయూసీలో రసాయనశాస్త్రం రెండుసార్లు తప్పాడు. రసాయనాలను కలపడం రానివాడికి మందులు కలిపే ఉద్యోగం ఇప్పించడం మనవాళ్ల ధర్మబుద్ధికి తగిన పనే కాబట్టి దాని గురించి ఇక్కడ విస్తరించను.

ఆయన పద్ధతి చూడముచ్చటగా ఉండేది. మంచం కాళ్లవైపు వచ్చి నిలబడేవాడు. రోగి అరికాలిలో బొటనవేలి గోరు నొక్కేవాడు. చెవితమ్మె పట్టి వదిలేవాడు. తర్వాత తల్లినో పెళ్లాన్నో "పేరు పెట్టి పిలువమ్మా" అనేవాడు. మూడుసార్లు పిలిపించి, రోగి ముఖంలోకి చూసి తీర్పు చెప్పేవాడు. బాగయ్యేవాడైతే "నిలుస్తాడప్పా" అనేవాడు. కానివాడైతే చావు మాట ఎత్తడు, శుచి గల మనిషి. భుజంమీది తుండు తీసి ఒకసారి దులిపి "జీపు చూసుకోండప్పా" అనేవాడు.

జీపు ఎందుకంటే, చుట్టుపక్కల పల్లెల్లో ఒక కట్టుబాటు ఉంది. ఊరి బయట ప్రాణం పోయినవాణ్ని ఊళ్లోకి రానివ్వరు. పుట్టిన ఇల్లయినా సరే, గడప దాటనివ్వరు. పొలిమేరలో రోడ్డు పక్కన దించి, అటునుంచి అటే. ఇంట్లో పోయినవాడికి స్నానం, పూలు, వీధి వీధంతా ఏడుపు. ఆసుపత్రిలో పోయినవాడికి కంపచెట్టు నీడ. అందుకే తుగ్గలి నుంచి వచ్చినా మద్దికెర నుంచి వచ్చినా ప్రతివాడికీ ప్రశ్నలు రెండు: మనిషి బతుకుతాడా? బతక్కపోతే ఎన్నిగంటలకు బయల్దేరాలి? పాపం, డాక్టర్లు వైద్యం చదివారుగానీ రెండో ప్రశ్నకు జవాబు ఆ పుస్తకాల్లో లేదు. భీమసేనరావు రెండింటికీ కలిపి ఒక్క తుండు దులిపేవాడు.

డెబ్బై నాలుగులో కామెర్లు ముదిరిన ఒక ముసలి రైతుతో మొదలైంది ఇదంతా. "ఈయప్ప శుక్రవారం చూడడు" అని ఏదో విసుగులో అన్నాడు. వాళ్లు భయపడి బుధవారమే తీసుకుపోయారు. గురువారం పోయాడని కబురొచ్చింది. ఆదివారం నాటికి ముగ్గురు వచ్చి కిటికీ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డారు. రాఘవేంద్రస్వామి ఆయన నాలుకమీద కూర్చున్నాడని పేట పేటంతా చెప్పుకుంది. స్వామికి అంతకంటే మంచి ఆసనం దొరకలేదా అని ఎవరూ అడగలేదు. భీమసేనరావు కాదనలేదు. కొన్నాళ్లకు నమ్మాడు కూడా. మనిషిని పాడుచెయ్యడానికి అబద్ధం చాలదు, పదిమంది నమస్కారం కావాలి.

ఎనభై ఒకటిలో వానలు తగ్గాక మెదడువాపు జ్వరం వచ్చింది. నిన్నటిదాకా వీధిలో గంతులేసిన పిల్ల, ఇవాళ కాలిపోయే జ్వరం, రేపటికి ఫిట్సు, ఎల్లుండికి స్పృహ లేదు. ముప్పై మంచాల మీద యాభైమంది. ఆ నెలలోనే కర్నూలులో చదివిన డాక్టర్ చంద్రకళ ఆసుపత్రికి వచ్చింది. ముప్పై నిండలేదు, చెప్పులు టకటకమనిపిస్తూ నడుస్తుంది. రోగులు వార్డులో చేరే రోజున ఏయే గుర్తులున్నవాళ్లు బతుకుతున్నారు, ఏయే గుర్తులున్నవాళ్లు పోతున్నారు అని ఒక పుస్తకంలో రాసుకుంటోంది. భీమసేనరావు సంగతి విని ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కొని కిటికీ ముందు కూర్చుంది.

"రావుగారూ, మీరు ఏం చూసి చెప్తారో నాకు చెప్పండి, రాసుకుంటాను" అంది.

ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక డాక్టరు తనను పాఠం అడగడం ఇదే మొదలు. భీమసేనరావు అరికాలు, చెవితమ్మె, పేరు పిలవడం, ఊపిరి వేగం అన్నీ వివరంగా చెప్పాడు. ఆమె బుద్ధిగా రాసుకుంది. నెలన్నర తర్వాత మళ్లీ అదే కుర్చీ లాక్కుంది.

"ఈ నెలన్నరలో మీరు జీపు చూసుకోమన్నది ఇరవై ముగ్గుర్ని. ఎంతమంది పోయారు?"

"ఇరవై ముగ్గురూ పోయినారు డాక్టరమ్మా" అన్నాడు, వినయం కొంచెం ఎక్కువ కలిపి.

"ఎవరు చెప్పినారు?"

"చెప్పేదేముంది? ఊరికి తీసకపోయినారు గదా."

"తీసకపోతే చనిపోయినట్లేనా?"

"చనిపోయేవాళ్లు కాకుంటే ఏమిటికి తీసకపోతారమ్మా?"

"మీరు చెప్పినారని."

"నేను చెప్పింది చనిపోతారనే గదా!"

గానుగెద్దు నడిచిన దారిలాగా ఆ తర్కం ఎక్కడ బయల్దేరిందో అక్కడికే వచ్చి నిలబడింది. చంద్రకళ పుస్తకం మూసింది.

"ఈ జ్వరానికి మందు లేదు రావుగారూ, మీకూ తెలుసు. మనం చేసేదల్లా ముక్కుగొట్టంలో పాలు, నరంలో గ్లూకోజు, ఫిట్సు ఆగడానికి సూది, గంటగంటకూ ఒత్తిగిలించడం. పది దినాలు ఇంతే చేస్తే, కొందరు వాళ్లంతట వాళ్లే గట్టుకొస్తారు. ఆ గొట్టాలన్నీ పీకేసి, జీపులో ముప్పైమైళ్లు కుదిపితే మీరూ పోతారు, నేనూ పోతాను. దానికి స్వామి పలకాల్సిన పనిలేదు."

"అంటే నా మాట తప్పంటారా?"

"పేరు పిలిస్తే పలక్కపోవడం, ఊపిరి ఎగబీల్చడం, ఈ రెండూ నిజంగా చెడ్డ గుర్తులే. మీ కన్ను మంచిదే. కానీ చెడ్డ గుర్తులున్నవాళ్లలోనూ బతికేవాళ్లుంటారు. ఎందరో చూద్దామంటే మీరు ఒక్కర్ని కూడా మిగలనిస్తే కదా."

ఆ రోజు భీమసేనరావు భోజనం సగంలో లేచాడు. భార్య ఇందిరాబాయి "ఏన్రీ, చారులో ఉప్పు ఎక్కువాయెనా?" అంది. "ఉప్పు కాదే, నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల నా నోటికి పరీక్ష పెట్టింది" అన్నాడు. "పరీక్షలు మీకు అచ్చిరావు, పీయూసీ నాటినుంచీ చూస్తాండాం గదా" అంది ఆమె, మజ్జిగ పోస్తూ.

పరీక్ష మరుసటి సోమవారమే వచ్చింది. తుగ్గలి దగ్గరి పల్లెనుంచి నాగన్న, వీరమ్మ అనే కూలిజనం తొమ్మిదేళ్ల కూతురు హులిగెమ్మను భుజాన వేసుకొచ్చారు. అప్పటికే రెండుసార్లు ఫిట్సు వచ్చాయి. భీమసేనరావు గోరు నొక్కాడు, చెవి పట్టాడు. వీరమ్మ చేత పేరు పిలిపించాడు. మూడుసార్లు పిలిచినా పిల్ల పలకలేదు. వార్డంతా చూస్తుండగా ఆయన తుండు దులిపాడు, మామూలుకంటే కొంచెం గట్టిగానే. చంద్రకళ అవతలి మంచం దగ్గరుంది, ఆ దులుపుడు ఆమెకూ వినపడాలి కదా.

నాగన్న ఏడ్చుకుంటూ గేటు దగ్గరికి పోయాడు. అక్కడ హుసేనప్ప జీపు ఎప్పుడూ ఉంటుంది. శవాన్ని ఎక్కించుకోడు, శవం కాబోయేవాళ్లనైతే ఎక్కించుకుంటాడు, అతని నియమం అది. ఊరి పేరు వినగానే హుసేనప్ప బీడీ పారేశాడు.

"ఆ ఊరికా? నేను రానప్పా. మీ ఊరు కట్టినారు. పొలిమేరకు అడ్డంగా యాపమండలు కట్టి, అమ్మవారికని పొలి కూడు సల్లినారు. తొమ్మిది దినాలు పురుగు కూడా లోపలికి పోగూడదంట. పొద్దున పాలోణ్నే రాళ్లతో తరిమినారు."

"నా ఇంటికి నేను పోయేదానిక్కూడానా?"

"నువ్వు బయట ఉంటివి గదా. బయటున్నోడు బయటే. నీ ఊరి పెద్దల్నే అడుగుపో, నన్నేమిటికి అడుగుతావు?"

ఆ విధంగా అమ్మవారి కోపం తగ్గించడానికి ఊరు పెట్టిన ఆచారం, పిల్లను ఇంట్లో చావనివ్వాలనే ఆచారానికి ఎదురొచ్చి దారిమధ్యలో నిలబడింది. మనదేశంలో ఒక మూఢనమ్మకాన్ని ఆపగలిగే శక్తి ఇంకో మూఢనమ్మకానికే ఉందని పెద్దలెవరూ రాసిపెట్టలేదుగానీ, రాయవలసిన మాటే. నాగన్న తిరిగొచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. చంద్రకళ గొట్టాలు తీయనివ్వలేదు.

మంగళవారం భీమసేనరావు వార్డులోకి తొంగిచూశాడు. పిల్ల ఉంది. బుధవారం చూశాడు. ఉంది. గురువారం చీపురుపట్టిన నరసన్న ఎదురొచ్చి "ఏం సామీ, మూడు దినాలాయ, ఆ పాప ఇంకా ఈన్నే ఉండాదే? నీ తుండుకు ధూళి బాగా పట్టిందేమో" అన్నాడు. భీమసేనరావు వాణ్ని తిట్టాడు. తిట్టి మందుల గదిలోకి పోయి సీసా మూతలు బిగిస్తూ నిలబడితే, తన మనసులో మెదిలిన ఆలోచన తనకే కనిపించింది. పొద్దున్నే వార్డులోకి వెళ్లేది పిల్ల ఎలా ఉందో చూడ్డానికి కాదు. ఇంకా ఎందుకుందో చూడ్డానికి.

అది తెలిసి సిగ్గుపడ్డాడని రాస్తే బాగుంటుంది. పడలేదు. ఆదివారం ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

నాగన్న అక్క గంగమ్మ ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో కండెలు చుట్టి బతుకుతుందని మాటల్లో విన్నాడు. ఆ ఊరు కట్టలేదు కదా, అక్కడికి తరలిస్తే పిల్లకు ఒక ఇల్లు దొరుకుతుంది, తన మాటకు ఒక ముగింపు దొరుకుతుంది. గంగమ్మ రాట్నం ఆపి, నుదుటి బొట్టునుంచి కాలి చెప్పులదాకా ఆయన్ను చూసింది.

"తెచ్చి పెట్టుకుంటా అప్పా, నా తమ్ముని బిడ్డే గదా. బతుకుతాదా?"

భీమసేనరావు తుండు సర్దుకున్నాడు.

"అది... ఇంట్లో ఉంటే మంచిదని..."

"బతుకుతాదా, సస్తాదా? సచ్చేదాన్ని తెచ్చి బాడిగింట్లో పెడితే ఇంటామె నన్ను ఈన్నే ఉండనిస్తాదా? బతుకుతాదని నువ్వు ఒక్కమాట సెప్పు, ఇప్పుడే బస్సెక్కుతా."

బతుకుతుందంటే ఆదోనిలో తన మాట పోతుంది. చస్తుందంటే ఎమ్మిగనూరులో తన పని కాదు. ఏడేళ్లుగా పరులకు ఒక్కమాటలో దారి చూపిన మనిషి ఆ వీధిలో రెండుమాటల మధ్య ఇరుక్కొని చెమటలు తుడుచుకున్నాడు.

గంగమ్మ మళ్లీ రాట్నం తిప్పుతూ అంది: "ఎవరైనా ఆసుపత్రికి పోండని తిరుగుతారు. ఆసుపత్రోడివే నువ్వు, ఆసుపత్రినుంచి తీసకపోండని ఊరు దాటి వచ్చినావు. నీకేం పుట్టిందప్పా?"

మర్నాడు ఆమె సంగటి మూట కట్టుకొని ఆదోనికి వచ్చి ఈ సంగతంతా వీరమ్మకు చెప్పేసింది. వీరమ్మ లేచి మందుల కిటికీ ముందుకు వచ్చింది. కిటికీ ముందు పదిమంది ఉన్నారు. ఆమె గొంతు పెంచలేదు.

"సామీ, నా బిడ్డ బతికితే నీకేం పోతాది?"

జవాబు తెలిసిన ప్రశ్నే. భీమసేనరావు ఎవరికో జ్వరం బిళ్లలు ఇవ్వబోయి, కాగితంలో చుట్టి, ఖాళీ పొట్లం చేతిలో పెట్టాడు.

ఎనిమిదోనాడు మధ్యాహ్నం హులిగెమ్మ కళ్లు తెరిచి మూలిగింది. పదోనాడు "అమ్మా" అంది. కుడిచెయ్యి మాత్రం లేవలేదు, మాట ముద్దగా వచ్చేది. చెయ్యి రావడానికి నెలలు పట్టవచ్చనీ, పూర్తిగా రాకపోవచ్చనీ చంద్రకళ దాచకుండా చెప్పింది. బతకడం, చావడం అనే రెండు డబ్బాల్లో ఏదీ ఆ పిల్లకు సరిగ్గా సరిపోలేదు. వీరమ్మకు ఆ పట్టింపు లేదు. ఎడమచేత్తో తినడం నేర్పుకుంటానంటూ ఎత్తుకొని వెళ్లిపోయింది.

భీమసేనరావు పేరు పోయిందనుకుంటున్నారా? భక్తుల సంగతి తెలియనివాళ్లే అలా అనుకుంటారు. పిల్ల చావు ఖాయమేననీ, రావుగారు ఎమ్మిగనూరు వైపుగా మంత్రాలయానికి పోయి స్వామిని వేడుకొని ఆపించారనీ వారంలో కథ తయారైంది. గేటు దగ్గర హుసేనప్ప దాన్ని ప్రయాణికులకు చెప్పేవాడు. "నేనేం చెయ్యలేదప్పా, నిజంగా" అని భీమసేనరావు ఒకరిద్దరితో అన్నాడు. "పెద్దోళ్లు అట్లే అంటారులే" అని వాళ్లు కాళ్లకు మొక్కారు. ఇందిరాబాయి మాత్రం "బస్సు టిక్కెట్టు ఎమ్మిగనూరు వరకే కదా ఉండింది?" అంది.

ఆ మొక్కులు ఆయనకు గిట్టడం మానేశాయి. తన మాట తప్పితే తప్పిందని చెప్పే మనిషి ఊళ్లో ఒక్కరూ లేరు. తప్పే అవకాశం లేని మాటకు అర్థమేముంటుంది? డాక్టరమ్మ కుర్చీ లాక్కొని అడిగింది ఇదేనని అప్పటికి తలకెక్కింది.

ఆ నెల చివర్లో మద్దికెర వైపునుంచి కాశప్ప అనే రైతు ఇరవయ్యేళ్ల తమ్ముణ్ని తెచ్చాడు. తమ్ముడి పేరు దుర్గప్ప. అదే జ్వరం, అదే స్పృహలేనితనం. చంద్రకళ ముక్కుగొట్టం పెడుతుండగానే కాశప్ప నేరుగా కిటికీ దగ్గరికొచ్చాడు.

"నువ్వు సూసి సెప్పు సామీ. ఎట్ల సెప్తే అట్ల."

భీమసేనరావు మంచం దగ్గరికి వెళ్లాడు. అరికాలు ముట్టలేదు. దుర్గప్ప ఊపిరి ఎగబీలుస్తున్నాడు. చెడ్డ గుర్తే. చాలాసేపు చూసి, రోగి మంచం దగ్గర మొదటిసారి నిజం చెప్పాడు.

"నాకు తెలీదప్పా."

నిజానికి ఇంత శక్తి ఉంటుందని ఆయన ఊహించలేదు. కాశప్ప ముఖం నల్లబడింది. వెనకున్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. "రావుగారికే తెలీదన్నాడంటే ఇంకేముంది! నోటితో సెప్పలేకుండాడు పాపం!" ఆయన కిటికీ దగ్గరికి చేరేలోపు దుప్పట్లు చుట్టేశారు. బయటికి చూసేసరికి జీపు వెనకభాగంలో దుర్గప్పను పడుకోబెడుతున్నారు. ముక్కుగొట్టం పక్కకు వేలాడుతోంది. చంద్రకళ మెట్లమీద నిలబడి బతిమాలుతోంది, ఎవరూ వినడం లేదు.

నలభై దాటిన మనిషి, పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు. జీపు ముందుకుపోయి బానెట్టుమీద రెండు చేతులూ వేశాడు.

"నిలుస్తాడు! దింపండి!"

"ఇప్పుడే తెలీదంటివి గదప్పా?" అన్నాడు కాశప్ప.

"ఇప్పుడు తెలిసింది. నిలుస్తాడంటే నిలుస్తాడు. దింపుతారా లేదా?"

దింపారు. స్వామి నాలుకమీది మాట కదా.

దుర్గప్ప నిలవలేదు. మూడోనాడు మధ్యాహ్నం, చంద్రకళ చేతుల్లోనే పోయాడు. హుసేనప్ప శవాన్ని ఎక్కించుకోనన్నాడు. ట్రాక్టరు ట్రాలీ దొరికేసరికి పొద్దు వాలింది. ఊళ్లోకి రానివ్వలేదు. పొలిమేరలోనే దించారు. తల్లి అక్కడికే వచ్చి చూసుకొంది. ఇవేవీ తేలిక విషయాలు కావు. శాస్త్రం పక్షాన ఉన్నాం కదా అని నవ్వి దాటేసే విషయాలు అసలే కావు.

పదకొండోరోజు తీరాక కాశప్ప వచ్చాడు. కిటికీ ముందు నిలబడి ఊరంతా వినేటట్లు తిట్టాడు.

"నిలుస్తాడంటివి. నీ మాట నమ్మి దించితిమి. నా తమ్మున్ని కుక్క సచ్చినట్ల రోడ్డుపక్కన దించితిమి గదప్పా! మా అమ్మ నీకేం పాపం సేసింది? నీ నాలుక మీద స్వామి లేడు, సైతాను ఉండాడు."

భీమసేనరావు కిటికీ తలుపు వేసుకోలేదు. కర్మ అనలేదు, ఋణానుబంధం అనలేదు. విన్నాడు. కాశప్ప అలిసిపోయాక గ్లాసుతో నీళ్లిచ్చాడు. కాశప్ప ఆ నీళ్లు నేలమీద పోసి పోయాడు.

ఆ ఒక్కరోజుతో ఏడేళ్ల పేరు పోయింది. కాంపౌండరుకు చూపు చెడిందని కొందరు, అనుష్ఠానం తప్పాడని కొందరు అన్నారు. మొక్కేవాళ్లు మొక్కడం మానారు. నరసన్న సైతం "ఇంక ఆ తుండు ముఖం తుడుచుకునేదానికే" అన్నాడు. ఇంట్లో ఇందిరాబాయి ఒకనాడు "తెలిసే చెప్పినారా, అతను పోతాడని?" అని అడిగింది. "పోవచ్చు అనిపించింది. పోతాడని తెలీదు" అన్నాడు ఆయన. ఆమె ఇంకో చపాతీ వేసింది.

జ్వరాలు అయిపోలేదు. ఆ ఏడాదీ, తర్వాత రెండేళ్లూ వానలు తగ్గగానే మంచాలు నిండేవి. భీమసేనరావు రోజూ వార్డులో తిరిగేవాడు. గొట్టం జారితే సరిచేసేవాడు, ఒత్తిగిలించడంలో తల్లులకు చెయ్యి కలిపేవాడు. ఎవరైనా అడిగినా అడక్కపోయినా ప్రతి మంచం దగ్గరా ఒకటే మాట: "నిలుస్తాడప్పా." "నిలుస్తుందమ్మా." సగంమందికి పైగా నిలిచారు, మిగతావాళ్లు నిలవలేదు. అందరికీ ఒకే జోస్యం చెప్పేవాడి జోస్యాన్ని లెక్కచేసేంత వెర్రివాళ్లు కారు మన జనం. ఆయన వెనక నవ్వుకొనేవాళ్లు. ఆ మాటను ఎవరూ నమ్మలేదు. అయితే పొమ్మని చెప్పేవాడు లేకపోవడంతో, ఏం చెయ్యాలో తోచక అందరూ అక్కడే ఉండిపోయేవాళ్లు.